దారి ఇచ్చుట కూడా సేవయే

కుటుంబ పత్రికలో ట్రాఫిక్ గూర్చి పాస్టరు గారు వ్రాయడమేమిటి అని కొందరు అనుకోవచ్చు. మిరప చేలో కలుపు తీసే తల్లికి, పత్తి అమ్మి అప్పు తీర్చుకునే తండ్రికి హైదరాబాదు సిగ్నళ్లతో పని ఏమి? పని ఉన్నది. మా దర్శి ప్రాంతములో ఏ పల్లెకు వెళ్లినా చాలా ఇండ్లలో ఒక బిడ్డయినా పట్నములో ఉన్నాడు. ఒకరు హైదరాబాదులో, ఒకరు బెంగుళూరులో, ఒకరు విజయవాడలో. సాయంకాల ప్రార్థనలో తల్లులు చెప్పే మనవులలో వానలు, పంటలు, పెళ్లి సంబంధములు ఎంతగా వినపడతాయో, "మా వాడు బండి మీద పోయి వస్తా ఉంటాడు అయ్యగారూ, క్షేమంగా ఇల్లు చేరాలి" అన్న మాట కూడా అంతగా వినపడుతున్నది. రాత్రి తొమ్మిదింటికి ఫోను చేస్తే, "ఇంకా రోడ్డు మీదే ఉన్నానమ్మా" అని జవాబు.

మన బ్రతుకులు కూడా నగరము మీదుగా పోయేవే. మిరప టిక్కీలు గుంటూరు యార్డుకు చేరాలి. పెద్ద జబ్బు చేస్తే ఒంగోలో, గుంటూరో పోవాలి. నగరములో దారి మూసుకుపోతే పల్లెలో మన పని కూడా ఆగిపోతుంది. కనుక నగరము రద్దీ నగరవాసుల బాధ మాత్రమే అనుకోవడానికి వీలు లేదు.

సంక్రాంతి సెలవులకు పిల్లలందరు ఊరికి వచ్చినప్పుడు, ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వారిని, పెద్దలను వేపచెట్టు క్రింద కూర్చోబెట్టి మేము ఒక ప్రశ్న వేశాము. "మీకు అధికారము లేదు, ప్రభుత్వ ధనము లేదు. మామూలు మనుషులుగానే ఉండి నగరములో రద్దీ తగ్గడానికి మీరేమి చేయగలరు?" పది నిమిషములలో ముగుస్తుందనుకున్న మాట మధ్యాహ్న భోజనము వేళ దాటిపోయింది. ఆ ఆలోచనలను, వాటి మీద మేము తరువాత తెలుసుకొన్న సంగతులను ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట లేచినవాడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేసే కుర్రవాడు. "అయ్యగారూ, ఇందులో మనం చేసేదేముంది? రోడ్లు వెడల్పు చేయాలి, ఫ్లైఓవర్లు కట్టాలి, అంతే" అన్నాడు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. విజయవాడలో కొండకు, కృష్ణా నదికి మధ్య ఇరుకు దారిలో చిక్కుకొని ఎన్ని బస్సులు ఆగేవో మనలో చాలామందికి తెలుసు. 2015లో పనులు మొదలై, 2020 అక్టోబరు 16న కనకదుర్గ ఫ్లైఓవరు తెరచిన తరువాత ఆ చిక్కు చాలా తీరింది. కట్టవలసినచోట కట్టవలసిందే. కాని వెడల్పు ఒక్కటే మందు కాదు. మన తెలుగువారు ఎందరో స్థిరపడిన అమెరికాలోని హ్యూస్టన్ నగరములో కేటీ ఫ్రీవే అనే రహదారిని 2008 నాటికి బాగా వెడల్పు చేశారు. ప్రక్కన సాగే దారులతో కలిపి కొన్నిచోట్ల 26 వరుసలు. కొద్ది సంవత్సరములలోనే అది మరల నిండిపోయింది. రోడ్డు బాగుపడిందని తెలియగానే, అంతవరకు వేరే దారిన, వేరే వేళలో పోయేవారు కూడా దాని మీదికే వచ్చారు.

ఇంజనీరింగు చదివే ఒక అమ్మాయి అడిగింది: "ముందు ఏ ప్రమాదమూ లేకుండానే ట్రాఫిక్ ఆగిపోతుంది. కొంతసేపటికి దానంతట అదే కదులుతుంది. ఎందుకని?" ఇది మంచి ప్రశ్న. జపాను దేశపు శాస్త్రవేత్తలు దీనిని పరీక్షించి 2008లో ప్రకటించారు. 230 మీటర్ల చుట్టు గల గుండ్రని దారిలో 22 కార్లను ఒకే వేగముతో, సమాన దూరముతో నడపమన్నారు. సిగ్నలు లేదు, గుంట లేదు, అడ్డము వచ్చేవారు లేరు. అయినా కొంతసేపటికి ఒకరు కొంచెము దగ్గరగా జరిగి బ్రేకు వేశారు. వెనుకనున్నవారు ఇంకొంచెము గట్టిగా వేశారు. ఆ వెనుకవారు పూర్తిగా ఆగిపోయారు. ఆగిపోవడము అనేది ఒక అలవలె వెనుకకు ప్రాకింది. ముందు బండిని తాకేటట్లు తోసుకొని పోవడము వలన మనము త్వరగా చేరము, వెనుకవారిని ఆపుతాము. బండి నడిపే బిడ్డలు ఇది గుర్తు పెట్టుకొంటే చాలు. ముందు బండికి, మన బండికి మధ్య కొంత జాగా ఉంచడము భయస్థుని లక్షణము కాదు. అది వెనుకవాని మీద కనికరము.

తరువాత మాట్లాడినది రెండెకరముల మిరప రైతు. ఆయన కంప్యూటరు చూచి ఎరుగడు గాని, ఆయన మాట మా అందరికి నచ్చింది. "యార్డులో జరిగేదే పట్నంలోనూ జరుగుతుంది అయ్యగారూ. అందరం ఒకే రోజు టిక్కీలు తోలుకొని పోతే దింపేదానికి చోటుండదు, కాటా కాదు. సరుకు కదలక యార్డుకు సెలవిస్తారు. అదే నాలుగు రోజులు సర్దుకొని పోతే అందరి సరుకూ పోతుంది. పట్నంలో అందరూ తొమ్మిదింటికే ఎందుకు బయలుదేరాలి?" గుంటూరు మిరప యార్డుకు రద్దీ రోజులలో లక్షకు పైగా టిక్కీలు వస్తాయి. లారీలు, మినీ లారీలు వరుస కట్టి రాత్రంతా నిలబడడము, డ్రైవరు క్యాబినులోనే రైతు నిద్రపోవడము మన రైతులకు అలవాటే. ఆయన చెప్పిన ఉపాయము పెద్ద నగరములో చేసి చూచినదే. 2023 జూలైలో భారీ వర్షములు కురిసినప్పుడు సైబరాబాదు పోలీసులు ఐటీ కంపెనీలవారిని తమ ఉద్యోగులను ఒకేసారి గాక, ప్రాంతములవారీగా విడతలుగా ఇండ్లకు పంపమని కోరారు. వర్షము రోజున పనికి వచ్చిన ఉపాయము ఎండ రోజున మాత్రము ఎందుకు పనికి రాదు? పాఠశాలలు అరగంట ముందు, ఆఫీసులు అరగంట తరువాత తెరచుకొంటే ఒక్క ఇటుక పేర్చకుండానే రోడ్డు కొంత ఖాళీ అవుతుంది.

ఒక అమ్మగారు బస్సు సంగతి ఎత్తారు. "మా వీధిలో నలుగురు పిల్లకాయలు ఒకే ఆఫీసులో పనిచేస్తారంట. నలుగురికి నాలుగు బళ్లు. ఒక్క బస్సు ఎక్కితే పోదా?" బస్సులో యాభై మంది కూర్చుంటారు. ఆ యాభై మంది యాభై కార్లు తీస్తే పెద్ద వీధి నిండిపోతుంది. హైదరాబాదులో 2003లో ఎంఎంటీఎస్ రైళ్లు, 2017 నవంబరులో మెట్రో రైలు మొదలైనాయి. 2020 నాటికి మెట్రో మూడు మార్గములలో 69 కిలోమీటర్లు పూర్తియైనది. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, మన రాష్ట్రములో 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము వచ్చింది. అయితే కంప్యూటరు కుర్రవాడు న్యాయమైన మాటే అన్నాడు: "మెట్రో దిగిన తరువాత ఇంకో మూడు కిలోమీటర్లు పోవాలి. దానికి బస్సు దొరకదు, నడిచే దారి ఉండదు. అందుకే బండి తీస్తాం." స్టేషను నుండి ఇంటి గుమ్మము వరకు ఉన్న ఆ చివరి దూరము తీరకపోతే ఎంత గొప్ప రైలు వేసినా సగము ప్రయోజనమే. నడిచేవానికి నీడగల ఫుట్‌పాత్ వేయడము, స్టేషను దగ్గర చిన్న బస్సు నడపడము ఫ్లైఓవరంత ఖర్చు కాని పనులు. ఇటువంటివి అడగవలసినది ఆ దారిన నడిచేవారే.

ఇంతలో మా సంఘములో ఆటో నడిపే తమ్ముడు కొంచెము నొచ్చుకొన్నాడు. "ఎవరిని కదిలించినా ఆటోవాళ్ల వల్లే ట్రాఫిక్ అంటారు. మమ్మల్ని ఎక్కడ నిలబెట్టుకోమంటారో చెప్పరు. బండ్ల మీద పండ్లు అమ్ముకునే ఆడమనిషిని తోలేస్తారు. ఆమె పిల్లకాయలు ఏం తినాలి?" అందరు కొంతసేపు మౌనముగా ఉన్నారు. అది నిజముగా కష్టమైన ప్రశ్న. రోడ్డు ఖాళీ చేయడానికి బీదవాని జీవనము తీసివేస్తే, మనము రద్దీని రోడ్డు మీద నుండి ఆ ఇంటిలోనికి నెట్టినట్లే. వీధి వ్యాపారుల కొరకు 2014లో కేంద్ర ప్రభుత్వము ఒక చట్టము చేసింది. దాని ప్రకారము పట్టణ విక్రయ సంఘములు ఏర్పరచి, ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో నిర్ణయించాలి. ఆ సంఘములో కనీసము నూటికి నలభై మంది వీధి వ్యాపారులే ఉండాలి. అనగా ఉపాయము చెప్పే హక్కు కారులో పోయేవానికి ఎంత ఉన్నదో, తోపుడు బండి తోసేవానికి కూడా అంత ఉన్నది. ఆటో తమ్ముడు కోరినది పెద్ద కోరిక కాదు. మలుపు నుండి కొంచెము దూరముగా, రోడ్డు అంచున ఒక గీత గీచి, "ఇక్కడ పది ఆటోలు నిలుపవచ్చు" అని బోర్డు పెట్టమన్నాడు. మలుపులో నిలిచే ఆటోల చిక్కు దానితోనే చాలావరకు తీరుతుంది.

గుంటల సంగతి కూడా వచ్చింది. గుంట దగ్గర ప్రతి బండి నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది వెనుకకు ప్రాకుతుంది. హైదరాబాదులో రైల్వే ఉద్యోగము నుండి విశ్రాంతి పొందిన గంగాధర్ తిలక్ కాట్నం గారు దీనిని ఎవరి మీదికి నెట్టలేదు. తన పింఛను డబ్బుతో, భార్య తోడుగా, కారులో తారు కంకర సంచులు వేసుకొని, కనబడిన గుంటనల్లా పూడ్చుతూ పోయారు. సంవత్సరముల తరబడి అదే పని. వందలు దాటి వేలకొలది గుంటలు పూడ్చారు. ప్రజలు ఆయనను రోడ్డు డాక్టరు అని పిలుచుకొన్నారు. గుంట పూడ్చడము ప్రభుత్వము పని కాదా అంటే, అవును, ప్రభుత్వము పనే. అయినా రాత్రి ఆ గుంటలో పడబోయే బిడ్డకు ఆ వాదన వలన ఒరిగేదేమీ లేదు.

అందరికంటే చివర మాట్లాడినది మా సంఘ పెద్ద ఒకరు. ఆయన సంగతి పాఠకులకు కొంచెము చెప్పాలి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఉదయము ఆయనకు నోరు వంకరపోయి, కుడి చేయి పడిపోయింది. పక్షవాతమని తెలిసి అంబులెన్సులో గుంటూరు తీసుకొని పోయారు. మేము వెంట వెళ్లాము. దర్శి నుండి నగరపు పొలిమేర వరకు బండి బాగానే పోయింది. పొలిమేర నుండి ఆసుపత్రి వరకు ఉన్న కొద్ది దూరము నలభై నిమిషములు పట్టింది. సైరను మ్రోగుతూనే ఉన్నది. ముందున్నవారికి జరగాలని లేక కాదు, జరగడానికి చోటు లేదు. ఒకచోట ఇరువైపులా కార్లు నిలిపి ఉన్నాయి. ఒకచోట పెళ్లి ఊరేగింపు. ఆయన భార్య ఆయన కాళ్లు పట్టుకొని మావైపు చూస్తూనే ఉన్నది. మేము కిటికీలో నుండి బయటికి చూస్తూ ప్రార్థన చేయడము తప్ప ఏమి చేయగలము? రక్తము గడ్డ కట్టి వచ్చే పక్షవాతమునకు గడ్డ కరిగించే మందు సామాన్యముగా నాలుగున్నర గంటలలోగా ఇవ్వాలని డాక్టర్లు చెబుతారు. ఎంత ముందు ఇస్తే అంత మేలు. ఆయన బ్రతికారు. దేవునికి స్తోత్రము. కాని ఆరాధనలో డోలక్ వాయించిన ఆ కుడి చేతికి మరల బలము రాలేదు. ఆ నలభై నిమిషములలో పదిహేను తగ్గి ఉంటే ఏమయ్యేదో మనకు తెలియదు. ఆ ప్రశ్న మాత్రము ఆ ఇంటిలో ఇప్పటికి ఉన్నది.

ఆయన మాట స్పష్టముగా రాదు. నిదానముగా అన్నారు: "ఇయ్యన్నీ మంచియ్యే. ముందుగాల అంబులెన్సుకు దారియ్యండి. అది నేర్చుకుంటే మిగతాయి అయ్యే వస్తాయి."

మాకు ఇంతకంటే గొప్ప ఆలోచన దొరకలేదు. 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రములో 108 సేవ మొదలైనప్పటి నుండి ఎన్ని ప్రాణములు నిలిచినాయో అందరికి తెలుసు. అయితే అంబులెన్సు ఎంత వేగముగా బయలుదేరినా, అది చేరడము ఎదుటనున్నవారి చేతిలో ఉన్నది. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టములోని 194ఇ సెక్షను ప్రకారము అంబులెన్సుకు దారి ఇవ్వనివారికి 10,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని విధించవచ్చు. 2020 నవంబరులో హైదరాబాదు ఆబిడ్స్‌లో జి. బాబ్జీ అనే ట్రాఫిక్ కానిస్టేబులు, రద్దీలో చిక్కిన అంబులెన్సుకు ముందు సుమారు రెండు కిలోమీటర్లు కోఠీ వైపు పరుగెత్తుతూ, ఒక్కొక్క బండిని ప్రక్కకు తప్పించి దారి చేశారు. లోపలనున్నవారు తీసిన వీడియో దేశమంతా చూచింది. ఆయన చేతిలో యంత్రము లేదు, కొత్త రోడ్డు లేదు. ఉన్న రోడ్డులోనే దారి దొరికింది. జనులు కొంచెము కొంచెము జరిగారు, అంతే.

ప్రజల మనస్సు మారితే రోడ్డు మారుతుందనడానికి దూరదేశములలోను సాక్ష్యములు ఉన్నాయి. దక్షిణ అమెరికాలోని బొగోటా నగరములో 1990లలో మేయరుగా ఉన్న ఆంటనాస్ మోకస్ రోడ్ల కూడళ్లలో మూకాభినయము చేసే కళాకారులను నిలబెట్టారు. తప్పు దాటినవారిని వారు కొట్టలేదు, తిట్టలేదు, అనుకరించి నవ్వించారు. పౌరులకు ఒకవైపు మెచ్చుకొనే బొటనవ్రేలు, ఒకవైపు ఆక్షేపించే బొటనవ్రేలు ఉన్న కార్డులు పంచారు. స్వీడను రాజధాని స్టాక్‌హోములో 2006 జనవరి నుండి జూలై వరకు, నగరములోనికి వచ్చే కార్ల మీద రద్దీ రుసుము పెట్టి చూచారు. మొదట చాలామందికి నచ్చలేదు. వాహనములు సుమారు అయిదవ వంతు తగ్గినాయి. ఆ సెప్టెంబరులో నగర ప్రజల ఓటు అడిగితే సగముకంటె ఎక్కువమంది ఉండనివ్వండి అన్నారు. ముందు చేసి చూపించి, తరువాత ప్రజలను అడిగారు. ఆ క్రమము మనము గమనించదగినది.

మన గుంటూరులో కూడా ప్రజలు నోరు తెరిచారు. రైలు పట్టాలు నగరమును రెండుగా చీల్చిన చోట శంకర్ విలాస్ వంతెన ఉండేది. తరములపాటు అదే ముఖ్యమైన దారి. దాని స్థానములో వెడల్పైన కొత్త వంతెన కట్టడానికి 2025లో పాతదానిపై రాకపోకలు ఆపినప్పుడు, కంకరగుంట వైపు, మూడు వంతెనల వైపు భారము పడింది. వంతెన ఎంత పొడవుండాలి, పని సాగే కాలములో జనులు ఏ దారిన పోవాలి అని నగర పౌరులు, వ్యాపారులు సభలు పెట్టి అడిగారు. వారి మాటలన్నీ నెగ్గినా నెగ్గకపోయినా, అడగడము మంచిదే. ఆ వంతెన మీద రోజూ నడిచినవానికి తెలిసిన సంగతి కొన్ని బొమ్మ గీచినవానికి తెలియకపోవచ్చు.

ఇక మన దర్శి. ఇది హైదరాబాదు కాదు. అయినా పండుగ ముందు రోజులలో, పెండ్లిండ్ల కాలములో గడియార స్తంభము సెంటరు దగ్గర నిలబడి చూడండి. పొదిలి రోడ్డు, కురిచేడు రోడ్డు, అద్దంకి రోడ్డు నుండి ట్రాక్టర్లు, బస్సులు, ఆటోలు ఒకేసారి వచ్చి కలుసుకొంటాయి. నగరపు జబ్బు చిన్న పట్టణమునకు రావడానికి ఎంతో కాలము పట్టదు. కనుక ఆ వేపచెట్టు క్రింద లేచే ముందు కొన్ని తీర్మానములు చేసుకొన్నాము.

ఒకటి: క్రిస్మస్ ఊరేగింపు గాని, పెళ్లి ఊరేగింపు గాని రోడ్డులో సగమే వాడుకోవాలి. ముందు ఒకరు, వెనుక ఒకరు యౌవనస్థులు టార్చిలైటు పట్టుకొని నడవాలి. సైరను వినపడగానే పాట ఆపి అంచుకు జరగాలి.

రెండు: ఆదివారము మందిరము ఎదుట రోడ్డు మీద బండ్లు నిలుపరాదు. వెనుకనున్న ఖాళీ స్థలములో వరుసగా పెట్టాలి. ఇద్దరు తమ్ముళ్లు వంతుల ప్రకారము చూచుకోవాలి.

మూడు: ఒకే వైపు నుండి వచ్చే కుటుంబములు వేరు వేరు బండ్లలో గాక, కలిసి ఒకే ఆటోలో రావాలి. చార్జీ కూడా కలిసివస్తుంది.

నాలుగు: సెంటరులో ఆటో స్టాండుకు గీత, బోర్డు కోరుతూ నగర పంచాయతీకి అర్జీ వ్రాయాలి. ఆటోవారు, బండ్లవారు కూడా అందులో సంతకము చేయాలి.

అయిదు: పట్నములో ఉన్న బిడ్డలకు తల్లిదండ్రులు ఫోను చేసేటప్పుడు, "బండి నడుపుతున్నావా?" అని మొదట అడిగి, అవునంటే వెంటనే పెట్టివేయాలి. ప్రేమతో చేసిన ఫోను ప్రమాదమునకు కారణము కాకూడదు.

తీర్మానములు వ్రాయడము సులభము. మొదటి వారము ఇద్దరు ముగ్గురు విసుక్కొన్నారు. "రెండు నిమిషాలు బండి రోడ్డు మీద పెడితే ఏమవుతుంది అయ్యగారూ?" అన్నారు. అప్పుడు మా సంఘ పెద్ద ఏమీ అనలేదు, వారివైపు ఒకసారి చూచారు. వారే బండి తీసి వెనుక పెట్టుకొన్నారు.

యెరికో దారిలో దెబ్బలు తిని పడిపోయినవానిని చూచి యాజకుడు, లేవీయుడు ప్రక్కగా తప్పించుకొని పోయిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. ఆ దారిలో అవసరమైనది ఆగడము. నేటి మన దారులలో పలుమార్లు అవసరమయ్యేది జరగడము. ఆగవలసినచోట ఆగడము, జరగవలసినచోట జరగడము, ఈ రెండును పొరుగువాని ప్రేమించడములో భాగములే. ఈ రాత్రి భోజనమునకు కూర్చున్నప్పుడు ఇంటిల్లిపాది ఒక్కొక్కరు ఒక్కొక్క ఉపాయము చెప్పండి. చిన్నవారి మాట కూడా వినండి. దానిలో ఒక్కటి రేపటి నుండి పాటించండి. మనకు తెలియని ఎవరి ఇంటిలోనో ఒక తండ్రి సమయమునకు ఆసుపత్రి చేరడానికి అది కారణము కావచ్చును.